కౌంట్ నార్మల్, కదలిక నార్మల్, ఫలదీకరణ సున్నా: గుండ్రటి తల వీర్యకణాల కేసు

ఈ దంపతుల ఫైల్ మా ఐవీఎఫ్ ల్యాబ్‌కు వచ్చేసరికే బాగా లావెక్కింది. పాత సెంటర్ ఇచ్చిన సమ్మరీలో చివరి వాక్యం ఇది: "అండాల నాణ్యత లోపం. దాత అండాలతో ప్రయత్నించవలసిందిగా సలహా." ఆ ఒక్క వాక్యంతో ఆ ఇల్లు నెలల తరబడి నలిగిపోయింది. దాత అండాల కోసం డబ్బు సర్దుకునే ముందు ఇంకొకరిని అడిగి చూద్దామని విజయవాడ వచ్చారు.

సమస్య అండాల్లో లేదు. దాత అండాలు తెచ్చి అదే పద్ధతిలో చేసి ఉంటే మళ్లీ సున్నాయో, సున్నాకు దగ్గరగానో వచ్చేది. ఎందుకో అర్థం కావాలంటే వీర్యకణం ఎలా తయారవుతుందో, అండంలోకి వెళ్లాక ఏం చేస్తుందో తెలియాలి. క్లినికల్ ఎంబ్రియాలజిస్టుగా నా రోజువారీ పని అదే కాబట్టి ఈ కేసును ల్యాబ్ వైపు నుంచి పూర్తిగా రాస్తున్నాను. దంపతుల అనుమతి తీసుకున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు చరిత్ర

భర్త వయసు 33, భార్య వయసు 28. పెళ్లై ఆరేళ్లు. మేనరికం. ఆమె ఆయనకు సొంత మేనమామ కూతురు. ఆయన తల్లిదండ్రులది కూడా మేనరికమే. ఈ రెండో వివరం పాత ఫైల్‌లో ఎక్కడా లేదు. మొదటి రోజు కుటుంబ వృక్షం గీస్తున్నప్పుడు బయటపడింది.

ఆమెకు నెలసరి సక్రమంగా వస్తోంది. అండాల నిల్వను సూచించే హార్మోన్ ఏఎంహెచ్ 3.4, థైరాయిడ్ నార్మల్, హెచ్‌ఎస్‌జీ అనే ట్యూబుల ఎక్స్‌రే పరీక్షలో రెండు ట్యూబులూ తెరిచే ఉన్నాయి. అన్నీ బాగున్నా "ఎందుకైనా మంచిది" అని ల్యాపరోస్కోపీ కూడా చేశారు. అందులోనూ ఏమీ కనిపించలేదు. తర్వాత మూడుసార్లు ఐయూఐ (శుద్ధిచేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలో వదలడం) చేశారు, మూడూ విఫలమయ్యాయి. ఆ తర్వాత ఇక్సీ, అంటే ఒక్కో అండంలో ఒక్కో వీర్యకణాన్ని సూదితో పెట్టే పద్ధతి. 11 పక్వమైన అండాలు వచ్చాయి, 10 అండాల్లో వీర్యకణాన్ని ఇంజెక్ట్ చేశారు, ఒక్కటి కూడా ఫలదీకరణ చెందలేదు.

ఇన్ని పరీక్షలూ ఆమెకే. ఇన్ని మాటలు పడిందీ ఆమే. కన్సల్టేషన్‌లో ఆమె చెప్పిన మాట ఇక్కడ రాయకుండా ఉండలేను. "మా అత్త నాకు సొంత మేనత్త మేడమ్. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన మనిషి. ఇప్పుడు ఎవరింట్లో సీమంతం అయినా నన్ను తీసుకురావద్దని మా బావకు తనే చెబుతోంది." పక్కన కూర్చున్న భర్త తల దించుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. నాలుగు ల్యాబుల్లో నాలుగుసార్లు పరీక్ష చేయించుకున్నాడు, నాలుగుసార్లూ "నార్మల్" అనే రాసిచ్చారు.

ఆ నాలుగు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. కౌంట్ మిల్లీలీటరుకు 4 కోట్ల నుంచి 5.5 కోట్ల మధ్య ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో ఎడిషన్ మాన్యువల్ ప్రకారం కనీస సూచిక 1.6 కోట్లు, మొత్తం కదలిక 42 శాతం. ఈయనకు రెండూ అంతకంటే మెరుగ్గానే ఉన్నాయి. ఆకారం గురించి రాయాల్సిన వరుసలో మాత్రం ఒక రిపోర్టులో గీత పెట్టి వదిలేశారు. ఒకదానిలో "అబ్నార్మల్ 40 శాతం" అని ఉంది. మిగతా రెండింటిలో "హెడ్ డిఫెక్ట్స్" అన్న రెండు మాటలతో సరిపెట్టారు. ఎలాంటి లోపం, ఎంత శాతం అన్నది లేదు. మన దగ్గర చాలామంది వీర్య పరీక్ష అంటే కౌంటే అనుకుంటారు, పరీక్ష చేసేవాళ్లు కొందరు కూడా అలాగే చేస్తున్నారు. ఈ కేసులో ఆరేళ్లు వృథా అయింది ఆ ఒక్క వరుస దగ్గరే.

స్లైడ్ మీద కనిపించింది

మూడు రోజుల విరామం తర్వాత శాంపిల్ తీసుకున్నాం. 2.8 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 4.8 కోట్ల కణాలు, మొత్తం కదలిక 46 శాతం, ముందుకు సాగే కదలిక 35 శాతం. ఇక్కడిదాకా పాత రిపోర్టులతో సరిపోయింది. పలుచగా స్మియర్ చేసి, ఆరబెట్టి, పాపనికొలౌ స్టెయిన్ వేసి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పెట్టాం.

మామూలు వీర్యకణం తల కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పొడవు 4 నుంచి 5 మైక్రాన్లు. ఈ స్టెయిన్‌లో తల ముందు భాగం లేత నీలంగా, వెనుక భాగం ముదురు నీలంగా కనిపిస్తుంది. ఆ లేత భాగం ఏక్రోజోమ్. అది తలలో 40 నుంచి 70 శాతం దాకా పరుచుకుని ఉండాలి. ఈయన స్లైడ్‌లో ఒక్క తలకు కూడా ఆ లేత భాగం లేదు. తలలన్నీ చిన్నగా, గుండ్రంగా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ముదురు రంగులో ఉన్నాయి. తోకలు మాత్రం చక్కగా ఉన్నాయి. 200 కణాలు లెక్కపెట్టాం, 200 కూ అదే తీరు. ఇంకొక స్మియర్ చేసి మరో 200 చూశాం, తేడా లేదు.

బఠానీ గింజల నుంచి తీసే లెక్టిన్ అనే ఒక ప్రోటీన్‌కు ఫ్లోరసెంట్ రంగు జోడించి వేస్తే ఏక్రోజోమ్ పచ్చగా వెలుగుతుంది. నిర్ధారణ కోసం అదీ చేయించాం. పోలిక కోసం పెట్టిన మామూలు శాంపిల్ పచ్చటి మచ్చలతో నిండిపోయింది. ఈయన స్లైడ్ చీకటిగా ఉండిపోయింది.

దీన్ని గ్లోబోజూస్పెర్మియా అంటారు. అన్ని కణాలూ ఇలాగే ఉంటే పూర్తి రకం, కొన్ని మామూలు కణాలు కూడా ఉంటే పాక్షిక రకం. ఈయనది పూర్తి రకం. సంతానలేమితో వచ్చే మగవాళ్లలో వెయ్యికి ఒకరి కంటే తక్కువ మందిలో కనిపిస్తుంది. అరుదైనదే, కానీ స్లైడ్ స్టెయిన్ చేసి చూస్తే దాచుకునే వీల్లేని లోపం. ఇది చూడ్డానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు.

తయారీలో ఎక్కడ తప్పింది

వృషణాల్లో సన్నటి నాళికలుంటాయి. వాటి గోడ దగ్గర ఉండే మాతృకణాల్లో 46 క్రోమోజోములు ఉంటాయి. అవి విభజన చెందుతూ, క్షయకరణ విభజన అనే ప్రత్యేక దశ దాటి, 23 క్రోమోజోములు మాత్రమే ఉన్న చిన్న గుండ్రటి కణాలుగా మారతాయి. వీటికి స్పెర్మాటిడ్లు అని పేరు. ఇక్కడితో సంఖ్య విషయంలో పని అయిపోతుంది. ఆకారం పని అప్పుడే మొదలవుతుంది. అంటే ప్రతి మగవాడిలో, ప్రతి వీర్యకణం ఒక దశలో గుండ్రంగానే ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా ఈ ప్రక్రియకు సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణాన్ని ఆనుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే నాళంలో కొన్ని రోజులు గడిపితేనే కణానికి కదిలే సత్తా వస్తుంది.

గుండ్రటి స్పెర్మాటిడ్ వీర్యకణంగా మారే తీరు జీవశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. కణంలోని గాల్జీ భాగం ఎంజైములు నింపిన చిన్న చిన్న సంచుల్ని విడుదల చేస్తుంది. అవన్నీ కేంద్రకం మీద ఒకచోట చేరి, ఒకే సంచిగా కలిసిపోయి, పల్చగా పరుచుకుంటూ కేంద్రకం ముందు సగాన్ని కప్పేస్తాయి. అదే ఏక్రోజోమ్. రెండో చివర తోక పెరుగుతుంది. లోపల డీఎన్‌ఏను చుట్టి ఉంచే హిస్టోన్ ప్రోటీన్లలో ఎక్కువ భాగం తప్పుకుని వాటి స్థానంలో ప్రోటమిన్లు వస్తాయి, దాంతో డీఎన్‌ఏ గట్టిగా కుదించుకుపోతుంది. తల సాగి కోలగా అవుతుంది. అక్కర్లేని సైటోప్లాజం అంతా చిన్న ముద్దగా విడిపోతే పక్కనున్న సెర్టోలి కణాలు దాన్ని మింగేస్తాయి.

ఈ వరుసలో ఏక్రోజోమ్ కేంద్రకాన్ని అంటిపెట్టుకుని ఉండాలంటే కేంద్రకం పొరలో ఒక ప్రోటీన్ ఉండాలి. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు పేరు డీపీవై19ఎల్2. అది 12వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది లేకపోతే ఏం జరుగుతుందో ఎలుకల్లో స్పష్టంగా చూశారు. సంచి తయారవుతుంది, కేంద్రకం మీదికి చేరుతుంది, కానీ పట్టు దొరక్క ఊడిపోతుంది. చివరికి ఆ సైటోప్లాజం ముద్దతో పాటే బయటికి పోతుంది. పట్టు లేనందువల్ల తల కూడా సాగదు, గుండ్రంగానే మిగిలిపోతుంది. తోక తయారీ వేరే దారిలో నడుస్తుంది కాబట్టి దానికి దెబ్బ తగలదు. అందుకే ఈ కణాలు చక్కగా ఈదుతాయి, కౌంట్ కూడా బాగుంటుంది. తడి స్లైడ్‌ను చిన్న లెన్సుతో చూసి కౌంట్ రాసేసేవాళ్లకు ఈ లోపం కనపడకపోవడానికి కారణం ఇదే.

ఏక్రోజోమ్ ఊడిపోయినప్పుడు దాని అడుగున ఉండే మరికొన్ని ప్రోటీన్లు కూడా పోతాయి. వాటిలో ముఖ్యమైనది పీఎల్‌సీ జీటా. ఈ కేసుకు కీలకం అది.

అండం దగ్గర ఏం జరగాలి

సహజంగా అయితే కోట్ల కణాల్లో కొన్ని వందలే ఫాలోపియన్ ట్యూబులో అండం దరిదాపుల్లోకి చేరతాయి. చేరిన వెంటనే పని కాదు. ఆడవారి శరీరంలో కొన్ని గంటలు గడిపాకే వాటి పొర మారి, తోక కొట్టే వేగం పెరిగి, ఫలదీకరణకు సిద్ధమవుతాయి. దీన్ని కెపాసిటేషన్ అంటారు. 1951లో ఆస్టిన్, చాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా కనుక్కున్నారు. ల్యాబ్‌లో మనం వాడే కల్చర్ మీడియా ఆ పరిస్థితినే కల్పిస్తుంది.

ఆపైన ఏక్రోజోమ్ తెరుచుకుని ఎంజైములు బయటికొస్తాయి. అండం చుట్టూ ఉన్న జోనా పెల్యూసిడా అనే మందపాటి పొరను కణం దాటుతుంది. ఏక్రోజోమ్ తెరుచుకోవడం వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది. అంతవరకు లోపల దాగి ఉన్న ఇజుమో1 అనే ప్రోటీన్ కణం ఉపరితలానికి వస్తుంది. 2005లో జపాన్ పరిశోధకులు దీన్ని గుర్తించారు. అండం పొర మీద దీన్ని అందుకునే జత ప్రోటీన్ జూనో 2014లో దొరికింది. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే రెండు కణాలు కలిసిపోతాయి.

ఏక్రోజోమే లేని కణం జోనాను దాటలేదు, అండం పొరతో కలవలేదు. కాబట్టి ఈ దంపతులకు సహజంగా గర్భం వచ్చే దారి లేదు. ఐయూఐ కూడా పనిచేయదు, ఎందుకంటే అది కణాల్ని అండానికి దగ్గరగా వదలడమే తప్ప లోపలికి పంపడం కాదు. ఆ మూడు ఐయూఐలూ చేయకుండా ఉండాల్సింది.

మరి ఇక్సీ సంగతేమిటి? 1992లో బ్రస్సెల్స్‌లో పాలెర్మో బృందం ఈ పద్ధతితో తొలి గర్భాలు సాధించాక మగవారి సమస్యల్లో చాలావాటికి దారి దొరికింది. గాజు సూదితో ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలో పెడతాం. జోనా, ఇజుమో, జూనో అన్నీ పక్కకు పోతాయి. అయినా ఈయన విషయంలో పది అండాల్లో ఒక్కటీ కదల్లేదు.

కారణం పీఎల్‌సీ జీటా. అండాశయం నుంచి విడుదలైన అండం తన రెండో క్షయకరణ విభజన మధ్యలో ఆగిపోయి ఉంటుంది. వీర్యకణం వచ్చి కదిలించేదాకా అలాగే ఆగి ఉంటుంది. లోపలికి వచ్చిన కణం పీఎల్‌సీ జీటాను విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో అండంలోని నిల్వల నుంచి కాల్షియం అలలు అలలుగా బయటికొస్తుంది. ఈ అలలు కొన్ని నిమిషాల విరామంతో గంటల తరబడి సాగుతాయి. మొదటి అలలతోనే అండం ఉపరితలం కింద ఉన్న రేణువులు పగిలి, జోనా గట్టిపడి, రెండో వీర్యకణం రాకుండా దారి మూసుకుపోతుంది. ఆగిన విభజన పూర్తవుతుంది, రెండో పోలార్ బాడీ (విభజనలో అండం వదిలేసే చిన్న కణం) బయటికొస్తుంది, తల్లి డీఎన్‌ఏకు ఒక కేంద్రకం, తండ్రి డీఎన్‌ఏకు ఒక కేంద్రకం ఏర్పడతాయి. 2002లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు ఈ ప్రోటీన్‌ను గుర్తించేదాకా అండాన్ని మేల్కొలిపేది ఏమిటన్న దానిమీద ఎన్నో వాదాలు ఉండేవి.

వీర్యకణం అంటే డీఎన్‌ఏను మోసుకెళ్లే వాహనం అన్న అభిప్రాయం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. అది సగం నిజం. డీఎన్‌ఏతో పాటు అండాన్ని మేల్కొలిపే సంకేతం కూడా అదే తేవాలి. మనుషుల్లో తొలి కణవిభజనను నడిపించే సెంట్రియోల్ కూడా వీర్యకణం నుంచే వస్తుంది. పీఎల్‌సీ జీటా లేని కణాన్ని అండంలో పెట్టడం పొయ్యిలో కట్టెలు పేర్చి నిప్పు అంటించకపోవడం లాంటిది.

పాత సెంటర్ ల్యాబ్ రికార్డు అడిగి తెప్పించుకున్నాం. వాళ్లు ఇవ్వడం మంచిదైంది. ఇంజెక్ట్ చేసిన 10 అండాల్లో 9 చెక్కుచెదరకుండా ఉన్నాయి. మర్నాడు చూస్తే తొమ్మిదింటిలోనూ ఒక్క పోలార్ బాడీయే ఉంది, కేంద్రకాలు లేవు. అంటే ఇంజెక్షన్ బాగానే జరిగింది. అండాలు చూడ్డానికి బాగున్నాయి. అవి మేల్కోలేదు, అంతే. అండం వైపు నుంచి కూడా ఇలా జరగవచ్చు. డబ్ల్యూఈఈ2 అనే జన్యువుకు తల్లి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ దెబ్బతిన్న స్త్రీల అండాలు ఇక్సీ తర్వాత ఇలాగే నిలిచిపోతాయని 2018లో తేలింది. కానీ భర్త స్లైడ్ ఇంత స్పష్టంగా ఉండగా ముందు అటు చూడాల్సిన అవసరం మాకు కనిపించలేదు.

జన్యు పరీక్ష

గ్లోబోజూస్పెర్మియాకు డీపీవై19ఎల్2 ప్రధాన కారణమని 2011లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ప్రకటించాయి. ఈ జన్యువుకు అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉండే డీఎన్‌ఏ ముక్కలున్నాయి. విభజన సమయంలో అవి ఒకదానితో ఒకటి పొరపాటున జతపడితే మధ్యలో ఉన్న సుమారు 2 లక్షల అక్షరాల ముక్క మొత్తం జన్యువుతో సహా ఎగిరిపోతుంది. ఒక ప్రతి పోయినా ఇంకొకటి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ పోతేనే ఈ లోపం వస్తుంది.

భర్త రక్తం పంపితే రెండు ప్రతులూ లేవని వచ్చింది. మేనరికం ఇక్కడ అర్థమవుతుంది. ఆయన తల్లిదండ్రులు రక్తసంబంధీకులు కావడంతో ఒకే పూర్వీకుడి దగ్గర మొదలైన లోపం ఇద్దరి ద్వారా ఆయనకు చేరి ఉంటుంది. ఇప్పుడు భార్య కూడా అదే కుటుంబం. ఆయన తల్లికి ఒక ప్రతి లోపించింది కాబట్టి ఆమె అన్నకు ఉండే అవకాశం సగం, ఆ అన్న కూతురికి ఉండే అవకాశం అందులో సగం. అందుకే చికిత్స మొదలుపెట్టక ముందే ఆమెకు పరీక్ష చేయించాం. ఆమెలో రెండు ప్రతులూ ఉన్నాయి.

ఆ రిపోర్టు రావడానికి ముందు భర్త అడిగిన ప్రశ్న మంచిది. "ఒకవేళ తనకూ ఉందనుకోండి, ఆడపిల్లల పిండాలే పెట్టించుకోవచ్చు కదా మేడమ్? ఆడపిల్లలకు ఈ సమస్య రాదన్నారు." ఈ లోపం మగపిల్లల సంతానశక్తిని మాత్రమే దెబ్బతీస్తుంది, నిజమే. కానీ 12వ క్రోమోజోమ్ మీది లోపానికి ఆడా మగా ఎంచుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. లింగ ఎంపికను 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొడుక్కి ముందు ముందు ఇక్సీతో పరిష్కారం దొరికే సమస్య కోసం ఆరోగ్యమైన పిండాన్ని పక్కన పెట్టడం నాకు సరి అనిపించదు. ఆయనకు ఆ మాటే చెప్పాను. పుట్టే పిల్లలందరికీ తండ్రి నుంచి ఒక లోపించిన ప్రతి తప్పకుండా వస్తుంది, తల్లి నుంచి మంచి ప్రతి వస్తుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది ఉండదు. అయితే వాళ్ల పెళ్లి సమయంలో మళ్లీ మేనరికం చూడవద్దని, చూస్తే ముందు పరీక్ష చేయించమని కాగితం మీద రాసిచ్చాం.

మరో మాట. అప్పటికే ఆయన ఏడాదిగా "కౌంట్ పెంచే" మందులు, యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలు వాడుతున్నారు. జన్యువే లేని చోట ఏ బిళ్లా ఏక్రోజోమ్‌ను తయారుచేయలేదు. అవన్నీ ఆపమన్నాం. ఊళ్లలో గోడల మీద రాసే ప్రకటనలు చూసి ఇలాంటి మందులకు వేలకు వేలు పోసేవాళ్లను వారంవారం చూస్తాను. ముందు జబ్బేమిటో తేల్చుకోండి అని బతిమాలి చెప్పాల్సి వస్తోంది.

చికిత్స

దారులు మూడు. దాత వీర్యం, మామూలు ఇక్సీ మళ్లీ ప్రయత్నించడం, లేదా ఇక్సీతో పాటు అండాన్ని కృత్రిమంగా మేల్కొలపడం. మామూలు ఇక్సీతోనే ఇలాంటి కణాలతో పిల్లలు పుట్టిన సందర్భాలు ఉన్నాయి గానీ ఫలదీకరణ శాతం చాలా తక్కువ. ఇదివరకే సున్నా వచ్చిన దంపతులకు మళ్లీ అదే చేయడం న్యాయం కాదు. మూడో దారి ఎంచుకున్నారు.

కృత్రిమంగా మేల్కొలపడానికి కాల్షియం అయనోఫోర్ వాడతాం. ఇది అండం పొరలో కాల్షియానికి దారి తెరుస్తుంది. సహజంగా వచ్చేవి వరుస అలలు, దీనివల్ల వచ్చేది ఒక పెద్ద ఉప్పెన. అయినా చాలా అండాలకు ఆ ఒక్కటే సరిపోతుంది. ఇది అందరికీ వాడాల్సింది కాదు. యూరోపియన్ సొసైటీ ఆఫ్ హ్యూమన్ రిప్రొడక్షన్ అండ్ ఎంబ్రియాలజీ 2023లో ఇచ్చిన సిఫారసుల్లో పూర్తి ఫలదీకరణ వైఫల్యం, చాలా తక్కువ ఫలదీకరణ, గ్లోబోజూస్పెర్మియా ఉన్నవాళ్లకే పరిమితం చేయమంది. ఇలా పుట్టిన పిల్లల మీద వచ్చిన అధ్యయనాల్లో అదనపు లోపాలు కనిపించలేదు, కానీ ఆ పిల్లల సంఖ్య ఇంకా తక్కువే. ఈ విషయం దంపతులకు తెలుగులో చెప్పి, తెలుగులో రాసిన పత్రం మీదే సంతకం తీసుకున్నాం.

మా టీమ్‌లో ఒక చర్చ జరిగింది. సగం అండాలకు అయనోఫోర్ వాడి, సగానికి వాడకుండా పోల్చి చూద్దామా అని. శాస్త్రం దృష్టిలో అది మంచి పద్ధతే. కానీ అప్పు చేసి వచ్చినవాళ్ల అండాల్లో సగాన్ని, ఫలితం ముందే తెలిసిన పరీక్షకు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అన్నిటికీ వాడాం.

14 అండాలు వచ్చాయి, 12 పక్వంగా ఉన్నాయి. ఇక్సీ రోజు పని ఇలా ఉంటుంది. అండం చుట్టూ ఉన్న కణాల్ని హైలురోనిడేజ్ అనే ఎంజైముతో తీసేశాక అండం స్పష్టంగా కనిపిస్తుంది. వ్యాసం సుమారు 120 మైక్రాన్లు. ఎడమ వైపు పిపెట్ మెల్లగా పీల్చి అండాన్ని కదలకుండా పట్టుకుంటుంది. పోలార్ బాడీ గడియారంలో 12 లేదా 6 దగ్గర ఉండేలా తిప్పి, 3 వైపు నుంచి సూది గుచ్చుతాం, లోపలి విభజన పరికరం దెబ్బతినకుండా. అంతకు ముందు పీవీపీ అనే చిక్కటి ద్రవంలో వేగం తగ్గిన వీర్యకణాన్ని ఎంచుకుని, తోక మీద సూదితో నొక్కి కదలిక ఆపేస్తాం. ఈయన కణాలు గుండ్రంగా ఉన్నందువల్ల సూదిలో చిన్న పూసలా దొర్లాయి, కోల తలల్లా నిలకడగా ఉండవు. సూది లోపలికి వెళ్లాక అండం పొర సాగుతుంది గానీ వెంటనే చిరగదు. కొద్దిగా సైటోప్లాజం పీలిస్తే పొర తెగి, ద్రవం ఒక్కసారిగా సూదిలోకి ఎక్కుతుంది. అప్పుడే కణాన్ని వదలాలి. ఆ ఒక్క క్షణం తప్పితే కణం పొర బయటే ఉండిపోతుంది.

12 అండాల్ని ఇంజెక్ట్ చేసి అరగంట ఇంక్యుబేటర్‌లో ఉంచాం. తర్వాత 15 నిమిషాలు అయనోఫోర్ ఉన్న మీడియంలో పెట్టి, శుభ్రంగా కడిగి, కల్చర్‌లోకి మార్చాం.

ఫలితం

మర్నాడు పొద్దున, 17 గంటలు గడిచాక, డిష్ తీశాం. 8 అండాల్లో రెండేసి కేంద్రకాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానిలో ఒకటే ఉంది, దాన్ని వాడలేదు. మూడు మేల్కోలేదు. ఇంటికి ఫోన్ చేసి "ఎనిమిది" అని చెబితే ఆమె నమ్మలేదు, ఫొటోలు వాట్సాప్‌లో పంపమంది. పంపాం.

ఐదో రోజుకు 4 మంచి బ్లాస్టోసిస్టులు (ఐదో రోజు దశకు ఎదిగిన పిండాలు) వచ్చాయి. ట్రిగ్గర్ (అండాలు పక్వమయ్యేందుకు ఇచ్చే చివరి ఇంజెక్షన్) రోజున ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెరిగి ఉండటంతో వెంటనే గర్భాశయంలోకి ట్రాన్స్‌ఫర్ చేయకుండా నాలుగింటినీ ఫ్రీజ్ చేశాం. మొదటి ట్రాన్స్‌ఫర్‌లో ఒక పిండం పెడితే నిలవలేదు. ఫలితం తెలిశాక ఆ ఇంట్లో టెన్షన్ మళ్లీ మొదలైంది, "చెప్పాం కదా, తనలోనే లోపం" అన్న మాట మళ్లీ వినిపించిందట. అప్పుడు భర్త చేసిన పని నాకు చాలా గౌరవంగా అనిపించింది. తన జన్యు రిపోర్టు, స్లైడ్ ఫొటో ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించి "లోపం నాది, దాన్ని ఏమీ అనొద్దు" అని చెప్పాడు. పెద్దావిడ కన్సల్టేషన్‌కు వచ్చి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అంటే నా వల్లే వచ్చిందా అమ్మా?" అని. ఎవరి వల్లా కాదని, పుట్టుకతో వచ్చే ఇలాంటి మార్పులు ప్రతి మనిషిలోనూ కొన్ని ఉంటాయని, రెండు వైపులా ఒకే మార్పు కలిస్తేనే బయటపడతాయని చెప్పాం. మేనకోడలితో ఆవిడ ఏం మాట్లాడుకుందో మాకు తెలియదు. రెండో ట్రాన్స్‌ఫర్‌కు మాత్రం ఇద్దరూ కలిసి వచ్చారు.

రెండో ట్రాన్స్‌ఫర్ నిలిచింది. ఐదో నెల స్కాన్, షుగర్ పరీక్ష అన్నీ మామూలుగా సాగాయి. 38వ వారంలో 2.9 కిలోల మగబిడ్డ. పిల్లల డాక్టర్ పరీక్షలో ఏ లోపమూ కనిపించలేదు. ఏడాది నిండేసరికి ఎదుగుదల వయసుకు తగ్గట్టుగా ఉంది.

భర్తకు పెళ్లి కావాల్సిన తమ్ముడు ఉన్నాడు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు కాబట్టి అతనికి ఇదే లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఈ విషయం మేము నేరుగా అతనికి చెప్పకూడదు, అది పేషెంట్ రహస్యం. చెప్పమని అన్నకు గట్టిగా చెప్పాం. అతను వచ్చాడు, వీర్య పరీక్ష చేశాం, తలలు మామూలుగా ఉన్నాయి, ఏక్రోజోమ్ ఉంది. జన్యు పరీక్షలో ఒక ప్రతి లోపించిందని తేలింది. చూస్తున్న సంబంధం బయటిది కావడంతో ఇంకేం చేయాల్సిన పని లేకపోయింది.

ల్యాబ్ నడిపే తోటివారికి ఒక విన్నపం. ఆకారం వరుసను ఖాళీగా వదలకండి, "హెడ్ డిఫెక్ట్స్" అని రాసి ఊరుకోకండి. స్టెయిన్ చేసిన స్లైడ్ మీద 200 కణాలు లెక్కపెట్టి, తల ఎలా ఉందో, ఏక్రోజోమ్ ఎంత ఉందో రాయండి. ఇక్సీలో ఫలదీకరణ సున్నా వస్తే, అండాల మీద తీర్పు రాసే ముందు ఆ స్లైడ్ మళ్లీ చూడండి. దాత అండాలు అన్న మాట ఆ తర్వాతే.

ఈ దంపతులవి రెండు బ్లాస్టోసిస్టులు మా దగ్గర ఫ్రీజ్‌లో ఉన్నాయి. 2021లో సంతానసాఫల్య చికిత్సల కోసం తెచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాల్ని పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. బాబుకు మూడేళ్లు నిండాక రెండో బిడ్డ కోసం వస్తామన్నారు, నిల్వ పత్రం మీద ఇద్దరి సంతకాలూ తీసుకున్నాం.